బీసీ547 కాళ్లు తారుమారు: ముగ్గురం వాడే సింబల్ లైబ్రరీని ఎలా ఉంచుకోవాలి?

స్టార్టర్_పెట్టె:

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న యూనిట్. బోరు మోటార్లను ఫోనుతో నడిపే స్టార్టర్ బోర్డులు చేస్తాం. నేను, మా తమ్ముడు, డిప్లొమా చదివిన ఒక కుర్రాడు, ముగ్గురం సర్క్యూట్లు, బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్ 8 మీదే పనిచేస్తాం. పోయిన నెల అరవై బోర్డులు చేయించాం. ఒక్కదానిలోనూ రిలే (చిన్న కరెంటుతో పడే స్విచ్) పడలేదు.

మొదట్లో నేను భాగాల గుర్తులు (సింబల్స్) దాచుకునే ఒక లైబ్రరీని సొంతంగా చేసుకుని, అందులో ట్రాన్సిస్టర్లకు వాటి రకం పేరు ‘ఎన్‌పీఎన్’తో ఒకే సింబల్ పెట్టాను. స్టార్టర్ బోర్డులో రిలేను లాగేది బీసీ547 అనే ట్రాన్సిస్టర్. చదునైన ముఖం మనవైపు పెట్టి చూస్తే దాని కాళ్లు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. సింబల్‌లోనూ అదే వరుసలో 1, 2, 3 వేశాను. ఆ తరువాత నీటి ట్యాంకు మట్టం చూపే బోర్డు ఒకటి చేసేటప్పుడు చేతిలో 2ఎన్3904 అనే ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. వాటి వరుస తిరగబడి ఉంటుంది: ఎమిటర్, బేస్, కలెక్టర్. ఇంత చిన్న తేడాకు కొత్త సింబల్ ఎందుకని ఉన్నదాన్నే తెరిచి 1, 3 అంకెలు మార్చేశాను. ట్యాంకు బోర్డు బాగా పనిచేసింది. స్టార్టర్ బోర్డు సంగతి నాకు తట్టనే లేదు.

రెండు నెలల తరువాత స్టార్టర్ బోర్డుకు ఒక ఫ్యూజు చేర్చమని తమ్ముడికి చెప్పాను. సర్క్యూట్ బొమ్మలో తప్పులు వెతికే ఈఆర్‌సీ నడిపితే, ఈ సింబల్ లైబ్రరీలో ఉన్నదానితో సరిపోలడం లేదని హెచ్చరిక వచ్చిందట. అన్ని సింబల్స్‌నూ లైబ్రరీ నుంచి అప్‌డేట్ చేశాడు, హెచ్చరిక పోయింది. పీసీబీ (రాగి ట్రాకుల బోర్డు) బొమ్మలోకి వెళ్లేసరికి ట్రాన్సిస్టర్ దగ్గర ట్రాకులు తప్పుగా కలుస్తున్నాయని, బోర్డు బొమ్మను తనిఖీ చేసే డీఆర్‌సీ చెప్పింది. ఫ్యూజు కోసం భాగాలు జరిపినందువల్లే అనుకుని ఆ ట్రాకులు మళ్లీ గీశాడు. వాడిని తప్పుపట్టను. అంకెలు మార్చింది నేను.

బల్ల మీద తప్పు దొరకడానికి ఒక పగలంతా పట్టింది. బేస్ దగ్గర మీటరు 0.7 వోల్టు చూపిస్తోంది. అంటే ట్రాన్సిస్టర్ తెరుచుకుని ఉండాలి. అయినా రిలే కదలదు. విసిగిపోయి ఒక ట్రాన్సిస్టర్‌ను పీకి, బోర్డు మీద అచ్చయిన ‘డి’ ఆకారానికి ఎదురుగా, సగం తిప్పి అతికించాను. టక్కుమని పడింది. మిగతా యాభై తొమ్మిదీ అలాగే పీకి తిప్పాం. రేపు ఎవరైనా మెకానిక్ దాన్ని మార్చి, అచ్చును నమ్మి పెడితే మళ్లీ రిలే పడదు, రైతుకు నీళ్లు ఆగిపోతాయి. అందుకే ప్రతి పెట్టె మూత లోపల ఒక చీటీ అంటించాను.

నా ప్రశ్న ఇది. లైబ్రరీ నా కంప్యూటర్ డి డ్రైవులో ఉంది. మిగతా ఇద్దరూ పెన్ డ్రైవులో కాపీ తీసుకుంటారు. ఏ కాపీ సరైనదో ఇప్పుడు మాకే తెలియడం లేదు. మీరు ఎలా పెట్టుకుంటారు?

రాగి_పొర:

ముందు ఒక ఊరట. మీ పాత సింబల్ ఎక్కడికీ పోలేదు. కీక్యాడ్ 6 నుంచి స్కిమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) ఫైలు తాను వాడే ప్రతి సింబల్ నకలునూ తనలోనే దాచుకుంటుంది. లైబ్రరీలో మీరు అంకెలు మార్చినా స్టార్టర్ బోర్డు రెండు నెలలు చెడకుండా ఉన్నది అందుకే. ఫ్యూజు చేర్చకముందు నాటి ఫైలు ఉంటే తెరవండి, సరైన సింబల్ అందులో ఉంటుంది.

ఇక ఆ హెచ్చరిక. దాన్ని లోపం అనుకోకండి. రెండు నకళ్లు వేరుగా ఉన్నాయి, ఏది నిజం అని సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని అడుగుతోంది. భాగం తయారుచేసిన కంపెనీ ఇచ్చే డేటాషీట్ పక్కన పెట్టుకుని ఒక్కో సింబల్‌కు విడిగా జవాబు చెప్పాలి. మీరు వాడే వెర్షన్‌లో స్కిమాటిక్‌లోని సింబల్‌ను లైబ్రరీలోని దానితో పక్కపక్కన పోల్చి చూపే సౌకర్యం ఉంది. అన్నిటినీ ఒకేసారి అప్‌డేట్ చేసే అలవాటు మాత్రం ఈరోజే మానేయండి.

అసలు తప్పు అంకెలు మార్చడం కన్నా ముందే, పేరు దగ్గరే జరిగింది. ‘ఎన్‌పీఎన్’ అనే భాగం ఏ దుకాణంలోనూ దొరకదు. దొరికేది బీసీ547, 2ఎన్3904. కొనే భాగం పేరుతోనే సింబల్ ఉండాలి, ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద దాని కాళ్లు కూర్చునే అచ్చు) కూడా దానికే కట్టి ఉండాలి. బీసీ548, బీసీ337 కాళ్ల వరుస బీసీ547 లాంటిదే కాబట్టి వాటిని దాని నుంచి పుట్టించిన సింబల్స్‌గా పెట్టవచ్చు. బొమ్మ, పిన్నులు తల్లి సింబల్‌వే వస్తాయి. 2ఎన్3904ను మాత్రం విడిగా గీయాలి. ఎస్‌ఓటీ-23 అనే చిన్న, బోర్డు పైనే అతికించే ప్యాకేజీలో వచ్చే ఎంఎంబీటీ3904 వరుస మళ్లీ వేరు: బేస్, ఎమిటర్, కలెక్టర్. ఒకసారి బోర్డు బయటికి వెళ్లాక ఆ సింబల్ పిన్నును ముట్టుకోవద్దు. మార్పు కావాలంటే కొత్త పేరుతో కొత్త సింబల్.

ల్యాబ్_మాస్టారు:

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పన్నెండు కంప్యూటర్లతో ఇదే బాధ పడ్డాను. లైబ్రరీ దారి డి డ్రైవు అని రాసి ఉంటే ఇంకో యంత్రంలో అది దొరకదు. లైబ్రరీ ఫైలును ప్రాజెక్టు ఫోల్డరులోనే పెట్టి, సింబల్ లైబ్రరీల పట్టికలో గ్లోబల్ వైపు కాకుండా ప్రాజెక్టు వైపు చేర్చండి. దారి మొదట్లో డాలరు గుర్తు, మీసాల బ్రాకెట్ల మధ్య కే, ఐ, పీ, ఆర్, జే, ఎం, ఓ, డీ అనే ఎనిమిది పెద్ద అక్షరాలు రాయండి. ఫోల్డరు ఎక్కడ ఉంటే అక్కడే వెతుక్కుంటుంది. పట్టికలో మీరిచ్చే ముద్దుపేరు మాత్రం అందరి దగ్గరా అక్షరం తేడా లేకుండా ఉండాలి. స్కిమాటిక్ లైబ్రరీని గుర్తుపట్టేది ఆ పేరుతోనే.

పెన్ డ్రైవు బదులు, ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే గిట్ వాడండి. సింబల్ ఫైలు మామూలు టెక్స్టే. ఎవరు ఏ రోజు ఏ పిన్ను అంకె మార్చారో గీత గీసినట్టు కనిపిస్తుంది.

గోడౌన్_లెక్క:

భాగాల పట్టిక డేటాబేస్‌లో ఉంటే వెర్షన్ 7 నుంచి దాన్నే లైబ్రరీగా కలుపుకోవచ్చు. ధర, నిల్వ కూడా సింబల్ పక్కనే కనిపిస్తాయి.

రాగి_పొర:

మంచి సౌకర్యమే, కానీ ముగ్గురి యూనిట్‌కు ఇప్పుడు వద్దంటాను. డేటాబేస్ కూడా చివరికి చూపించేది మీరు గీసిన సింబల్‌నే. అది తప్పయితే వరుసలన్నీ తప్పే. ముందు సింబల్స్ సరిచేసుకోండి.

స్టార్టర్_పెట్టె:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ముగ్గురం కూర్చున్నాం. పాత ఫైలులో బీసీ547 వరుస చెక్కుచెదరకుండా దొరికింది. ‘ఎన్‌పీఎన్’ను వాడిన బోర్డులు ఇంకా నాలుగు తేలాయి. దాన్ని లైబ్రరీ నుంచి తీసేస్తే అవి తెరుచుకుంటాయా?

రాగి_పొర:

తెరుచుకుంటాయి. నకలు వాటిలోనే ఉంది కదా. లైబ్రరీలో సింబల్ లేదని ఈఆర్‌సీ హెచ్చరిస్తుంది. అలా హెచ్చరించినప్పుడల్లా ఆ బోర్డులో నిజంగా అతికించింది ఏ ట్రాన్సిస్టరో చూసి, ఆ పేరు సింబల్‌తో మార్చండి.

స్టార్టర్_పెట్టె:

తీసేశాను. సరిచేసిన స్టార్టర్ బోర్డును ఆర్డరు పెట్టే ముందు అసలు కొలతలో కాగితం మీద ముద్రించాం. మా కుర్రాడు డబ్బాలోంచి ఒక బీసీ547 తీసి, కాగితానికి గుచ్చి, ఒక్కో కాలు దగ్గర వేలు పెట్టి స్కిమాటిక్‌లో ఎటు వెళుతోందో పైకి చదివాడు. తమ్ముడు డేటాషీట్ పట్టుకుని విన్నాడు. ట్యాంకు బోర్డుకూ రేపు ఇదే చేస్తాం.