నంది బొమ్మ ఉన్న చిన్న బంగారు నాణెం చోడగంగదేవుడిదేనా?

మాది నరసన్నపేట దగ్గర పల్లె. మామ్మ నగల పెట్టెలో బంగారు నాణెం ఒకటి దొరికింది, చిటికెన వేలి గోరంతే ఉంది, ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు "స" లాంటి అక్షరం, కింద ఏదో అంకె. ముఖలింగం దగ్గరే కాబట్టి గంగ సామ్రాజ్యం స్థాపించిన అనంతవర్మ చోడగంగదేవుడిదేనని ఊళ్ళో అంటున్నారు. నిజమేనా?

జవాబు 1
మీరు చెప్పినదాన్ని బట్టి గంగుల ఫణంలా, అంటే ఆ వంశపు రాజుల చిన్న బంగారు నాణెంలా ఉందండి. అవి దాదాపు 0.4 గ్రాములే తూగుతాయి. "స" అంటే సంవత్సరం, కింద అంకె రాజు పాలనలో ఎన్నో ఏడాదో చెబుతుంది. రాజు పేరు మాత్రం ఉండదు, అందుకే ఫలానా రాజుదని తేల్చడం చాలా కష్టం, ఊళ్ళో మాట నమ్మేయకండి. ఇంకో మాట, గంగులు చోడగంగుడికి కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచే కళింగనగరంలో, అంటే మన ముఖలింగంలో ఉన్నారు. 1078లో పట్టాభిషేకమైన ఈయన ఆ చిన్న రాజ్యాన్ని సామ్రాజ్యం చేశాడు, పూరీ జగన్నాథ ఆలయం మొదలుపెట్టిందీ ఈయనే. మన జిల్లా నుంచి అంత దూరం వెళ్ళిన రాజు గురించి మన పిల్లలకి బడిలో ఇంకా ఎక్కువ చెప్పాలి.

జవాబు 2
అంకెని కూడా ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. తర్వాతి గంగులు పాలన ఏళ్ళని లెక్కపెట్టిన అంక పద్ధతిలో 1 ఉండదు, 6తో ముగిసేవి, 10 తప్ప సున్నాతో ముగిసేవి వదిలేస్తారు, కాబట్టి 19 అంటే అసలుకి 16వ ఏడు.

జవాబు 3
బాబూ, చింతపండు పెట్టి తోమొద్దు, కరిగించనూ వద్దు! రెండు వైపులా దగ్గరగా ఫోటో తీసి పెట్టు.