పావురం గూటి ఎర్రనల్లి వేరే జాతా, కోళ్ళ నల్లిలోనే ఒక శాఖా?

లేయర్ డాక్టర్:
కోళ్ళ రక్తం తాగే సన్న పురుగు, కోడి ఎర్రనల్లి డెర్మానిసస్ గాల్లినేలో, పావురాల మీద దొరికే ఎల్1 అనే వంశాన్ని వేరే జాతిగా లెక్కించాలంటున్నారు. మైక్రోస్కోపులో రెంటికీ తేడా తెలియనప్పుడు, డీఎన్ఏ ఒక్కటే చూసి జాతిని చీల్చడం సబబేనా?

జన్యురేఖ:
సబబు కాదు. అందరూ చూపించేది జాతుల్ని గుర్తుపట్టడానికి వాడే సీఓఐ జన్యువు. అది మైటోకాండ్రియాది, తల్లి నుంచే వస్తుంది. కార్డీనియం లాంటి బాక్టీరియా ఒంట్లో చేరి ఒక ఆడ సంతతినే ముందుకు తోస్తే సీఓఐతో గీసిన వంశవృక్షం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పైగా కోళ్ళ వ్యాపారం వెంట నల్లులు ఖండాలు దాటాయి. ఎప్పుడో విడిపోయిన శాఖలు షెడ్లలో మళ్ళీ కలిశాయి.

అకరాలజీ పాఠాలు:
జన్యురేఖ గారూ, షెడ్డు నల్లుల వరకు మీ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఎల్1 సంగతి వేరు. 2011లో ప్లాస్ వన్ అనే సైన్సు పత్రికలో వచ్చిన అధ్యయనం మైటోకాండ్రియా, కేంద్రక జన్యువులు రెండూ చూసింది. షెడ్డు నల్లుల్లో సంకరం జరిగిందని తేల్చింది. అయినా ఎల్1ని విడిగా ఉంచి, ఇది రెండు జాతుల సముదాయం అని రాసింది.

అసలు గొడవ నమూనా దగ్గరే మొదలవుతుంది. గూటి నల్లులన్నిటినీ ఒకే ట్యూబులో నూరితే రెండు జాతులున్నా బయటపడవు. ఒక్కో నల్లికి ఒక్కో ట్యూబు పెట్టి, 95 శాతం ఇథనాల్‌లో, మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి. రక్తం తాగి ఎర్రబడినవి వద్దు. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ పీసీఆర్‌కు (డీఎన్ఏ నకళ్ళు తీసే పద్ధతికి) అడ్డుపడుతుంది, పక్షి డీఎన్ఏ కూడా కలుస్తుంది. బూడిదరంగు ఆడనల్లిని తీసుకుని, సన్నని సూదితో ఒక్క పోటు పొడిచి, ప్రోటీన్లను కరిగించే ప్రోటీనేజ్-కె ద్రావణంలో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. డీఎన్ఏ ద్రవంలోకి దిగుతుంది, పెంకు మిగులుతుంది. దాన్ని హోయర్ మాధ్యమంలో (స్లైడు మీద నమూనాను నిలిపే ద్రవంలో) స్లైడుగా భద్రపరచండి. స్లైడు లేని సీక్వెన్సు ఏ నల్లిదో రేపు ఎవరూ సరిచూడలేరు.

ఆడదే ఎందుకంటే, దానికి 6 క్రోమోజోములు, మగదానికి 3. అంటే ఒక్కో జన్యువు ఆడదానిలో రెండేసి, మగదానిలో ఒక్కటే. కేంద్రక జన్యువు సీక్వెన్సు గ్రాఫులో ఒకేచోట రెండు పీక్‌లు ఆడదానిలో వస్తే సంకరమేమో చూడాలి. మగదానిలో వస్తే ట్యూబు కలుషితమైందనో, ఆ జన్యువుకు ఇంకో నకలు ఉందనో అనుమానించాలి.

లేయర్ డాక్టర్:
అంతకంటే ముందు అది డెర్మానిససేనా అని చూడాలి కదండీ. దాని ఆడనల్లి కెలిసెరాలు (నోటి కొమ్ములు) సూదుల్లా పొడుగ్గా ఉంటాయి. పక్షుల మీదే ఉండే ఇంకో నల్లి ఆర్నిథోనిసస్‌కు కత్తెర నోరు స్పష్టంగా కనిపిస్తుంది. అందులోనూ రొమ్ము పలక మీద 3 జతల వెంట్రుకలుంటే బర్సా జాతి, 2 జతలే ఉంటే సిల్వియారమ్ జాతి.

జన్యురేఖ:
రెండు రకాల జన్యువులూ చూశారు కాబట్టి నా మొదటి అభ్యంతరం వదులుకుంటాను. రెండోది మిగిలే ఉంది. పావురాల నల్లులు ఒక ఊరివి, కోళ్ళ నల్లులు ఇంకో ఊరివి అయితే, దూరం వల్లే ఆ తేడా రావచ్చు. ఒకే షెడ్డులో, ఒకే వారంలో, దూలాల మీది పావురాల గూళ్ళ నుంచీ, నల్లుల్ని పట్టడానికి కేజ్‌ల సందుల్లో దోపిన ముడతల అట్టల నుంచీ నల్లుల్ని తీసి పోల్చాలి. పక్కపక్కనే ఉండీ కలవకపోతే అప్పుడు కొత్త పేరు పెట్టండి.

అకరాలజీ పాఠాలు:
ఆ పరీక్ష అవసరమే, ఒప్పుకుంటాను. రైతుకూ దాంతో పని ఉంది. గూళ్ళలో ఎల్1, కేజ్‌లలో మామూలు గాల్లినే తేలితే, పావురాలకు వల కట్టినంత మాత్రాన షెడ్డు నల్లి పోదు. వ్యాపారం వెంట నల్లులు వచ్చే దారులైన ట్రేలు, క్రేట్లు కడగడం మీదే ఖర్చు పెట్టాలి.