పిన్ చెల్లడం లేదు, పాస్‌వర్డ్ గుర్తు లేదు: ఫైళ్లు పోకుండా ల్యాప్‌టాప్ తెరిచే మార్గం ఉందా?

ప్రశ్న: తెనాలి మాస్టారు

నేను ఉద్యోగ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయి మూడేళ్ల క్రితం సెలవుల్లో వచ్చినప్పుడు విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్ కొని, అన్నీ తనే అమర్చి, రోజూ తెరవడానికి నాలుగంకెల పిన్ నేర్పి వెళ్లాడు. అప్పటినుంచి ఆ నాలుగంకెలు తప్ప మరేదీ కొట్టి ఎరుగను. గత నెలలో ఛార్జింగ్ ఎక్కకపోవడంతో ఊళ్లో ఒక దుకాణంలో ఇస్తే మదర్‌బోర్డు మార్చి ఇచ్చారు. ఇంటికి తెచ్చి తెరిస్తే పిన్ అందుబాటులో లేదని, మళ్లీ అమర్చుకోవాలని ఇంగ్లీషులో వచ్చింది. ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతోంది. అదేమిటో నాకు గుర్తు లేదు, మా అబ్బాయికీ గుర్తు లేదు.

అదే దుకాణానికి మళ్లీ తీసుకువెళితే ఫార్మాట్ చేయడం తప్ప దారి లేదని, లోపలున్నవన్నీ పోతాయని చెప్పారు. మా తాతగారి నోటుపుస్తకాల నుంచి నేను రెండేళ్లపాటు ఎక్కించిన చాటుపద్యాలు, వాటికి రాసుకున్న వివరణలు కలిపి నాలుగు వందల పైచిలుకు పుటలు అందులో ఉన్నాయి. వేరే నకలు లేదు. ఆ నోటుపుస్తకాలలో రెండింటిని ఈలోగా చెదలు తినేశాయి. ఫార్మాట్ చేయకుండా ఏదైనా ఉపాయం ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం: పాత కీబోర్డు

మాస్టారూ, ముందుగా ఆ ల్యాప్‌టాప్‌ను మళ్లీ దుకాణానికి పంపకండి. ఫార్మాట్ చేయడం వారికి అరపూట పని, మీకు రెండేళ్ల పని పోవడం.

మొదట తేల్చుకోవలసినది అది మైక్రోసాఫ్ట్ ఖాతానా, లేక ఆ ల్యాప్‌టాప్‌కే పరిమితమైన లోకల్ ఖాతానా అన్నది. ఏదో ఒక పాస్‌వర్డ్ తప్పుగా కొట్టి చూడండి. మూడు రహస్య ప్రశ్నలకు జవాబులు అడిగితే అది లోకల్ ఖాతా. మీ అబ్బాయి అప్పట్లో ఇచ్చిన జవాబులు గుర్తున్నాయేమో కనుక్కుంటే చాలు. అలా కాక పాస్‌వర్డ్ మరచిపోయాను అన్న లింకు నొక్కగానే ఈమెయిల్ చిరునామా చూపి, కోడ్ పంపమంటారా అని అడిగితే అది మైక్రోసాఫ్ట్ ఖాతా. అప్పుడు ల్యాప్‌టాప్‌తో పెనుగులాడనక్కరలేదు, ఫోన్‌లోనే మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ తెరిచి పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. కాకపోతే మార్చిన తరువాత ల్యాప్‌టాప్ తెరిచేటప్పుడు అది వైఫైకి కలిసి ఉండాలి. లాగిన్ తెర కింద కుడిమూలన నెట్‌వర్క్ గుర్తు ఉంటుంది, అక్కడే వైఫై ఎంచుకోవచ్చు. ఇంటర్నెట్ లేకపోతే ఆ యంత్రానికి కొత్త పాస్‌వర్డ్ సంగతే తెలియదు, పాతదానికోసమే పట్టుబడుతుంది.

మరొక చిన్న విషయం. మీరు తెలుగులో టైపు చేసేవారు కనుక అడుగుతున్నాను, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక వాడతారా? ఆ కీబోర్డు ఎంపికై ఉంటే పాస్‌వర్డ్ పెట్టెలో మీరు కొట్టే ఇంగ్లీషు అక్షరాలు తెలుగు అక్షరాలుగా పడతాయి, పైకి మాత్రం చుక్కలే కనబడతాయి. పెట్టె చివర ఉన్న కన్ను గుర్తును నొక్కి పట్టుకుంటే అసలు ఏం పడుతోందో తెలుస్తుంది.

తెనాలి మాస్టారు

ఇన్‌స్క్రిప్టే వాడతాను. మీరు చెప్పినట్లు చూశాను. ఈమెయిల్ చిరునామా చూపింది. అది మా అబ్బాయి నా పేర తెరిచినదట. కోడ్ పంపడానికి రెండు దారులు ఇస్తోంది. ఒకటి వాడు ఇక్కడ ఉన్నప్పటి పాత ఫోన్ నంబరు, అది వదిలేసి చాలా కాలమైంది. రెండవది ఒక ఈమెయిల్. మొదటి రెండు అక్షరాలు తప్ప మిగిలినవన్నీ చుక్కలే. అది తనది కాదని మా అబ్బాయి అంటున్నాడు.

సమాధానం: ఖమ్మం వాసి

పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పాస్‌వర్డ్ తీసేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మా కార్యాలయంలో ఒక పాత కంప్యూటర్‌ను అలాగే పది నిమిషాలలో తెరిచారు. ఇంత శ్రమ అవసరమా?

సమాధానం: మరమ్మతు బల్ల

ఖమ్మం వాసి గారు చెప్పినది లోకల్ ఖాతాలకు చెల్లుతుంది. మాస్టారిది మైక్రోసాఫ్ట్ ఖాతా. దాని పాస్‌వర్డ్‌ను నిర్ణయించేది మైక్రోసాఫ్ట్ సర్వరు కనుక డిస్కులో గీకి తీసేసినంత మాత్రాన పని చక్కబడదు. లోకల్ ఖాతాలోనైనా పాస్‌వర్డ్‌ను బయటినుంచి బలవంతంగా మార్చితే, విండోస్‌లోనే తాళం వేసి దాచిన ఫైళ్లు ఇక తెరుచుకోకపోవచ్చు. పైగా ఉచితంగా దొరికే అలాంటి పరికరాలలో దేనితోపాటు ఏ వైరస్ వస్తుందో చెప్పలేము.

నేను ఇరవయ్యేళ్లుగా మరమ్మతు పనే చేస్తున్నాను కనుక మదర్‌బోర్డు మార్చారన్న మాట దగ్గరే ఆగాను. విండోస్ పిన్ ఆ యంత్రానికి మాత్రమే చెందినది, దాని తాళం టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. బోర్డు మారితే ఆ చిప్ కూడా మారుతుంది కనుక పిన్ చెల్లకపోవడం సహజం. మీ తప్పేమీ లేదు. దుకాణంవారు ఈ మాట ముందే చెప్పి, పాస్‌వర్డ్ తెలుసా అని అడిగి ఉండవలసింది.

ఇందులోనే మీకు అనుకూలమైన సంగతి ఒకటి ఉంది. డిస్కు మొత్తం విండోస్‌లోని బిట్‌లాకర్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, అంటే కీ లేనిదే చదవరాకుండా తాళం పడి ఉంటే, చిప్ మారిన యంత్రం లాగిన్ తెర దాకా రానే రాదు. అంతకుముందే నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీకు నేరుగా లాగిన్ తెర వచ్చిందంటే డిస్కుకు ఎన్‌క్రిప్షన్ లేదనే ఎక్కువగా అనిపిస్తోంది. అలాగైతే పాస్‌వర్డ్‌తో నిమిత్తం లేకుండానే మీ పద్యాలను బయటికి తెచ్చుకోవచ్చు.

దానికి 8 జీబీ లేదా అంతకు మించిన పెన్‌డ్రైవ్‌లో, వేరే కంప్యూటర్ సాయంతో, ఉబుంటు లైనక్స్ ఎక్కించాలి. ఇది విండోస్‌తో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే యంత్రాన్ని నడిపే వ్యవస్థ. లాగిన్ తెర మీద పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ మీటను పట్టుకుని షట్‌డౌన్ ఎంచుకోండి. ఇది తప్పనిసరి, ఎందుకంటే మామూలుగా ఆపితే ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, అప్పుడు లైనక్స్ ఆ డిస్కును తెరవడానికి మొరాయిస్తుంది. తరువాత పెన్‌డ్రైవ్ పెట్టి, డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కుతూ స్విచ్ వేసి, పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. ఉబుంటు తెర మీద ఇన్‌స్టాల్ అన్న మాట జోలికి పోకుండా, ఊరికే వాడి చూసే ఎంపికనే తీసుకోండి. పొరపాటున మొదటిది నొక్కి ముందుకు పోతే ఫార్మాట్ చేసినట్లే అవుతుంది. ఆపైన మీ డిస్కులో యూజర్స్ ఫోల్డర్, అందులో మీ పేరు, అందులో డాక్యుమెంట్స్. అవన్నీ మరొక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. అక్కడ ఫైళ్లు కనబడకపోతే మీ పేరున్న ఫోల్డర్‌లోనే వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) పేరున్న ఫోల్డర్‌లో చూడండి. విండోస్ 11 చాలాసార్లు డాక్యుమెంట్స్‌ను అక్కడికి మళ్లిస్తుంది. డిస్కు తెరవబోతే తాళం గుర్తు చూపి కీ అడిగితే మాత్రం నా ఊహ తప్పినట్లు, అక్కడితో ఆగిపోండి. ఆ 48 అంకెలు సాధారణంగా అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటాయి కనుక అప్పుడు ఖాతా తెరవడమే మార్గం.

సమాధానం: పాత కీబోర్డు

ఫైళ్లు తీసుకోవడమే ముందు పని, మరమ్మతు బల్ల గారి మాటే నా మాట. ఖాతా విషయంలో మాత్రం ఒకటి చెప్పాలి. ఆ రెండవ ఈమెయిల్ ఎవరిదో ఇంట్లో అందరినీ అడగండి. పూర్తి చిరునామా కొడితేనే దానికి కోడ్ వెళుతుంది. ఎవరిదీ కాదని తేలితే అప్పుడు మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లో ఖాతా తిరిగి పొందే రికవరీ ఫారం నింపాలి. పాత పాస్‌వర్డ్‌లు, ఆ చిరునామా నుంచి ఈమధ్య పంపిన ఈమెయిళ్ల విషయ వాక్యాలు వంటివి అడుగుతుంది. రోజుకు రెండుసార్లు మాత్రమే ప్రయత్నించనిస్తుంది. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తోపాటు ప్రతిసారీ కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టి ఉంటే ఆ ఫారం పనికిరాదు. దానిని డాలస్ నుంచి మీ అబ్బాయి నింపడం కన్నా, ల్యాప్‌టాప్ ఎప్పుడూ నడిచిన మీ ఇంటి వైఫై మీద మీరు నింపడమే మేలు, ఎందుకంటే అలవాటైన చోటునుంచి వచ్చిన అభ్యర్థనను మైక్రోసాఫ్ట్ తేలికగా నమ్ముతుంది.

ఖాతా తెరుచుకున్నాక, కోడ్ పంపడానికి అందులో ఉన్న పాత ఫోన్, ఈమెయిల్ వివరాలన్నింటినీ ఒక్కసారిగా తీసివేయకండి. ఉన్నవన్నీ మార్చేస్తే 30 రోజులు ఆగవలసి వస్తుంది. ముందు మీ సొంత ఫోన్ నంబరును జతచేసి, అది ఖరారైన తరువాత పాత నంబరును తొలగించండి.

తెనాలి మాస్టారు

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఎదురింటి ఇంజనీరింగ్ విద్యార్థి ఉబుంటు పెన్‌డ్రైవ్ తయారుచేసి తెచ్చాడు. డిస్కు తాళమేమీ లేకుండా తెరుచుకుంది. డాక్యుమెంట్స్ ఖాళీగా కనబడి కాసేపు గుండె జారింది కానీ, మీరు చెప్పినట్లే పద్యాలన్నీ వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఉన్నాయి. రెండు పెన్‌డ్రైవ్‌లలోకి తీసుకున్నాము. ఒకటి ఇప్పుడు మా ఆవిడ బీరువాలో ఉంది.

ఆ రెండవ ఈమెయిల్ కూడా తెలిసింది. రైలు టిక్కెట్ల కోసం మా అబ్బాయి తన తల్లి పేర తెరిచినదట. ఆవిడ ఫోన్‌లో అది ఇన్నాళ్లుగా తెరిచే ఉంది, ఎవరూ చూడలేదు. కోడ్ దానికే వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ల్యాప్‌టాప్‌ను వైఫైకి కలిపి కొడితే తప్పని చెప్పింది. మరోసారి కొట్టినా తప్పే అంది. అప్పుడు కన్ను గుర్తు జ్ఞాపకం వచ్చి నొక్కి చూస్తే, పెట్టెలో నా పాస్‌వర్డ్‌కు బదులు అర్థం లేని తెలుగు అక్షరాల వరుస ఉంది. విండోస్ మీటతో స్పేస్ కొట్టి ఇంగ్లీషుకు మార్చగానే తెరుచుకుంది.