“నల్లనివాడు” పద్యంలో ఆఖరి పాదం గురించి

పోతన గారి భాగవతంలో, రాసక్రీడ ఘట్టంలోని ఈ పద్యం మనలో చాలామందికి నోటికి వచ్చు.

నల్లనివాఁడు పద్మనయనంబులవాఁడు గృపారసంబు పైఁ
జల్లెడువాఁడు మౌళిపరిసర్పితపింఛమువాఁడు నవ్వు రా
జిల్లెడు మోమువాఁ డొకఁడు చెల్వల మానధనంబుఁ దెచ్చె నో
మల్లియలార! మీ పొదలమాటున లేఁడు గదమ్మ! చెప్పరే!

అర్థం చెప్పేటప్పుడు మాత్రం పింఛం, చిరునవ్వు దాకా వచ్చి, కృష్ణుడి రూపవర్ణన అని ముగించేస్తాం. నాకు ఇందులో వర్ణన కన్నా ఒంటరితనమే ఎక్కువ వినిపిస్తుంది. రాత్రివేళ అడవిలో, అప్పటిదాకా పక్కనున్న కృష్ణుడు మాయమైపోతే, గోపికలు పూలపొదతో మాట్లాడుతున్నారు. “ఉన్నాడా” అని అడగకుండా “లేడు గదమ్మ” అన్నారెందుకు? పెద్దలు చెప్పాలి.

జవాబు:
మంచి చోట పట్టుకున్నారండీ. “లేడు గదమ్మ” మన ఇళ్లలో ఇప్పటికీ బతికున్న మాటే. పొద్దుపోయినా పిల్లాడు ఇల్లు చేరకపోతే తల్లి పక్కింటి గుమ్మంలో నిలబడి “మావాడు మీ ఇంట్లో లేడు కదమ్మా?” అంటుంది. ఉన్నాడేమోనన్న ఆశతోనే వెళ్లింది. కానీ లేడనే జవాబుకు మనసు ముందే సిద్ధం చేసుకుని అడుగుతుంది. “ఉన్నాడా” అంటే అది ఆరా తీయడం. “లేడు గదమ్మ” అంటే ఆశా భయమూ రెండూ ఒక్క గొంతులో పలుకుతాయి. “చెప్పరే” కూడా అంతే, చెప్పరా అని బతిమాలడం.

ఆ “అమ్మ” ఇంకా విలువైనది. దానికి పక్కనే ఉన్న సీసపద్యం చూడండి: “పున్నాగ! కానవే పున్నాగవందితుఁ, దిలకంబ! కానవే తిలకనిటలు” అంటూ సాగుతుంది. ప్రతి చెట్టు పేరులోనూ కృష్ణుడి గుణం ఒకటి దొరుకుతుంది. గొప్ప పనితనం, కాదనను. అయితే అక్కడ చెట్టుకు పేరుంది, చుట్టరికం లేదు. మల్లెల దగ్గరికి వచ్చేసరికి శ్లేష (ఒక మాటకు రెండర్థాలు) లేదు, యమకం (అదే మాట వేరే అర్థంలో మళ్లీ రావడం) లేదు. ఆడవాళ్లు ఆడవాళ్లతో మాట్లాడుకుంటున్నట్టు “అమ్మ” వచ్చేసింది. ప్రకృతిలో తోడు వెతుక్కోవడమంటే నాకు ఇదే. అడవి అందంగా ఉందని చెప్పడానికి కాదు, తమ బాధ వినే మరో ఆడమనసు కోసం వాళ్లు మల్లెల దగ్గర ఆగారు.

ఇక ఆ అయిదు “వాడు”లు. తప్పిపోయిన మనిషి ఆనవాళ్లు చెబుతున్నట్టే మొదలవుతాయి. ఒంటి రంగు, కళ్లు. మూడోది “కృపారసంబు పైఁ జల్లెడువాఁడు”. ఇది ఆనవాలేనా? ఆ చూపు తమ మీద పడినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. గుర్తులు చెబుదామని నోరు తెరిచి, మూడో మాటకే తమ అనుభవంలో పడిపోయారు. మళ్లీ తమాయించుకుని పింఛం దగ్గరికి, నవ్వు దగ్గరికి వచ్చారు. ఇంతా చెప్పి చివరికి “ఒకఁడు” అన్నారు. పేరు చెప్పలేదు. తమను గురించి కూడా “మా” అనలేదు, “చెల్వల” (అందగత్తెల) అని ఎవరినో గురించి చెబుతున్నట్టు చెప్పారు.

సంస్కృత భాగవతం దశమస్కంధం ముప్ఫయ్యో అధ్యాయంలో గోపికలు ముందు రావిని, జువ్విని, మర్రిని అడుగుతారు. నందుడి కొడుకు మా మనసు హరించుకుపోయాడు, చూశారా అని. మాలతిని, మల్లికను అడిగేది వేరే శ్లోకం. అందులో చేతితో తాకి మీకు ప్రీతి కలిగిస్తూ మాధవుడు ఇటు వెళ్లాడా అంటారు. రెండు చోట్లా కృష్ణుణ్ణి పేరుపెట్టి చెప్పారు. అక్కడ చెట్లకు చెప్పిన దొంగతనాన్ని పోతన తెచ్చి మల్లెలకు చెప్పించారు, పేరు తీసేశారు. ఆ ఎంపికలోనే పద్యమంతా ఉందని నా నమ్మకం.

వ్యాఖ్య:
మా అమ్మాయి డాలస్‌లో పద్యాలు నేర్చుకుంటోంది. “జల్లెడువాడు” అంటే జల్లెడ పట్టుకున్నవాడా అని అడిగింది. ఏం చెప్పమంటారు?

జవాబు:
అది “చల్లెడువాడు” అమ్మా. “పైన్” చివర ద్రుతం (నకారం) ఉంది కనుక చకారం జకారమైంది. దయను పైన చిలకరించేవాడు అని చెప్పండి.

వ్యాఖ్య:
రాసక్రీడ శరదృతువులో కదా, మల్లెలు మనకు వేసవి పూలు. పోతన గారు పొరబడ్డారా?

జవాబు:
లేదండీ. రాసలీల మొదటి శ్లోకంలోనే “శరదోత్ఫుల్లమల్లికాః” అని ఉంది. శరత్తులో మల్లెలు విరబూసిన ఆ రాత్రులను చూసే భగవంతుడు విహరించాలనుకున్నాడు. అతణ్ణి పిలుచుకొచ్చిన పూలలో మల్లెలు ఉన్నాయి. పోయినవాణ్ణి గురించి వాటిని అడగడం ఎంత సబబో చూడండి.

వ్యాఖ్య:
“మానధనం” అంటే సిగ్గు అని మా మాస్టారు చెప్పారు, అభిమానం అని ఇంకొకరు అన్నారు. ఏది సరి?

జవాబు:
రెండూ చెల్లుతాయి. నేను అభిమానం వైపే ఉంటాను, కారణం చెబుతాను. కృష్ణుడు ఎందుకు మాయమయ్యాడు? “తాసాం తత్సౌభగమదం వీక్ష్య మానం చ” అంటాడు వ్యాసుడు. వాళ్ల సౌభాగ్యమదాన్నీ మానాన్నీ చూసి, వాటిని అణచి అనుగ్రహించడానికి అక్కడికక్కడే అంతర్ధానమయ్యాడు. ఏ మానం వల్ల తోడు దూరమైందో, ఆ మానాన్నే అతను ఎత్తుకుపోయాడని వాళ్లు మల్లెలకు చెబుతున్నారు. నింద వేస్తున్నామనుకుంటూ నిజం ఒప్పుకుంటున్నారు. “మానధనం” అని ధనంతో కలిపి అనడం వల్ల, పోయినందుకు ఇంకా బాధపడుతున్నారనీ తెలుస్తోంది.

వ్యాఖ్య:
ఇంతకీ మల్లెలు ఏమన్నాయి?

జవాబు:
ఏమీ అనలేదు. ప్రాణులన్నిటి లోపలా వెలుపలా ఆకాశంలా ఉన్నవాణ్ణి గురించి వాళ్లు చెట్లను అడిగారని మూలంలో ఉంది. అది తెలిసి చదివితే “పొదలమాటున లేఁడు గదమ్మ” మరీ గుండెను పట్టేస్తుంది. ఆ తర్వాత వాళ్లు తమలో తామే కృష్ణుడి లీలలు అనుకరిస్తారు, అడవిలో అతని అడుగుజాడలు పడతారు. ఎక్కడా దొరకక యమున తిన్నెకు తిరిగివచ్చి, అందరూ కలిసి కూర్చుని, వస్తాడన్న కోరికతో అతణ్ణి పాడతారు. అవే గోపికాగీతాలు. అందుకే ఈ పద్యాన్ని విడిగా చదివి వదిలెయ్యకుండా అక్కడిదాకా ఒక్క బిగిన పైకి చదవండి. చెట్టునూ పొదనూ ఒక్కొక్కదాన్నీ అడిగిన గొంతులు, అక్కడికి వచ్చేసరికి ఒకే పాటగా కలుస్తాయి.