సంగీతం నేర్పిస్తే పిల్లలకి లెక్కలు బాగా వస్తాయా?

అడిగినవారు: మూడోక్లాసు_అమ్మ

మా పాపకి ఎనిమిదేళ్ళు. కర్ణాటక సంగీతం క్లాసులో చేర్పిద్దామనుకుంటున్నాం. వాళ్ళ కరపత్రంలో ఐక్యూ పెరుగుతుంది, లెక్కల్లో మార్కులు పెరుగుతాయి అని రాశారు. నిజమేనా? రోజూ పాశ్చాత్య స్వరకర్త మోజార్ట్ సంగీతం వినిపిస్తే చాలని ఇంకొకరు అంటున్నారు. ఇంట్లో సాధన ఎలా చేయించాలి?

శ్రుతిపెట్టె:

మోజార్ట్ సంగతి ముందు తేల్చేద్దాం అండీ. 1993లో ‘నేచర్’ అనే సైన్సు పత్రికలో వచ్చిన ప్రయోగం అది. చేసింది 36 మంది కాలేజీ విద్యార్థుల మీద, చిన్నపిల్లల మీద కాదు. పది నిమిషాలు సొనాటా విన్నాక ఆకారాలు ఊహించే పరీక్ష కాస్త బాగా రాశారు, ఆ ఊపు పావుగంటలో దిగిపోయింది. మిగతాదంతా సీడీలు అమ్ముకున్నవాళ్ళ పుణ్యం.

నేర్చుకోవడం వేరు. 2004లో టొరంటోలో 144 మంది ఆరేళ్ళ పిల్లల్ని నాలుగు జట్లు చేశారు: కీబోర్డు, గాత్రం, నాటకం, ఏదీ లేనివాళ్ళు. ఏడాది తర్వాత సంగీతం జట్లకి ఐక్యూ సగటున 7 పాయింట్లు పెరిగితే, మిగతావాళ్ళకీ 4 పైచిలుకు పెరిగింది. అంటే సంగీతం వాటా మూడు పాయింట్లలోపే. 2020లో ఇలాంటి అధ్యయనాలు యాభైకి పైగా కలిపి చూస్తే, పోల్చిన పిల్లలకి కూడా ఇంకేదైనా నేర్పినచోట ఆ తేడా దాదాపు సున్నా. లెక్కల కోసమైతే లెక్కలే చేయించండి.

నాడీ_నాదం:

పైవారితో ఏకీభవిస్తాను, కానీ మెదడు మారదని కాదు. వయొలిన్ వాయించేవాళ్ళలో ఎడమచేతి వేళ్ళ స్పర్శని అందుకునే భాగం పెద్దదిగా ఉంటుందని 1995లో చూపించారు. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే తేడా అంత ఎక్కువ. గమనించండి, బొటనవేలికి ఆ తేడా అంతగా లేదు, ఎందుకంటే తీగ నొక్కేది మిగతా నాలుగు వేళ్ళే. ఏది వాడితే అదే పదునెక్కుతుంది.

లయజ్ఞాని:

సాధన గురించి నేను చెప్తాను. మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళి వరస (స్వరాలు వరసగా పాడే తొలి పాఠం) తీసుకోండి. ఆదితాళానికి ఎనిమిది క్రియలు, అంటే చేతి కదలికలు: ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరంవేలు, మధ్యవేలు, తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొదటికాలంలో (మొదటి వేగంలో) క్రియకి ఒక స్వరం, ఆరోహణకే (స్వరాలు పైకి వెళ్ళడానికే) ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, అయిపోతుంది. రెండోకాలంలో రెండు స్వరాలు, ఆరోహణ, అవరోహణ (కిందికి దిగడం) కలిపి ఒక ఆవర్తనం. మూడోకాలంలో నాలుగు, అదంతా రెండుసార్లు పాడితేగాని ఆవర్తనం నిండదు.

పిల్లలు తప్పేది ఇక్కడే. గొంతు వేగం పెరగ్గానే చెయ్యి కూడా పరుగెత్తుతుంది. అప్పుడు మూడోకాలం కాదది, మొదటికాలాన్నే హడావిడిగా పాడటం. మెట్రోనోమ్ (లయకి టిక్ టిక్ కొట్టే పరికరం) నిమిషానికి 50 దగ్గర పెట్టి, ముందు మీరు తాళం వెయ్యండి, పాప పాడాలి. తర్వాత పాప తాళం వేస్తూ మీతో పాడాలి. ఆపైన ఒక్కతే. చెయ్యి తడబడితే స్వరాలు ఆపి, తాళం వేస్తూ ‘తకధిమి’ అనిపించండి. ఎక్కువగా జారేది మొదటి ద్రుతం (దెబ్బ, తిప్పు జత) దగ్గర, వేళ్ళ లెక్క వదిలి దెబ్బకి మారేచోట. ఆ రెండు క్రియలే విడిగా చేయించండి.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెడితే గొంతు బొంగురుపోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

మూడోక్లాసు_అమ్మ:

చాలా థాంక్సండీ. గాత్రమా, వీణా?

లయజ్ఞాని:

గాత్రంతో మొదలుపెట్టండి. వీణ కావాలంటే, పాప కూర్చున్నప్పుడు ఎడమచెయ్యి దండి (వీణ పొడవాటి మెడ) చుట్టూ వచ్చి, యాళి (దండి చివర చెక్కిన జంతువు తల) వైపు మొదటి మెట్టుని అందుకుంటుందో లేదో చూసి చేర్పించండి. అందకపోతే భుజం ఎత్తి వాయించడం అలవాటవుతుంది, అది తర్వాత మాన్పించడం కష్టం.