ఏటీఎంలో రాని డబ్బుకు మినిమం బ్యాలెన్స్ చార్జీ కూడా వేశారు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా అమ్మ బస్టాండు దగ్గర పూలమ్ముతుంది. పోయిన నెల వేరే బ్యాంకు ఏటీఎంలో 5,000 తీయబోతే మిషన్ గరగరమని ఆగిపోయింది, నోట్లు రాలేదు. ఖాతాలో మాత్రం కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఆ రోజే బ్రాంచిలో ఫిర్యాదు రాసిచ్చాం. 'మా రికార్డులో సక్సెస్ అని ఉందమ్మా' అని పంపేశారు. ఆ డబ్బు పోవడంతో బ్యాలెన్స్ తగ్గిందని ఇప్పుడు మినిమం బ్యాలెన్స్ చార్జీ, దానిమీద జీఎస్టీ కూడా లాగేశారు. ఇది చాలా అన్యాయం. పూలు కొనే పెట్టుబడి అది.

2019 ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఐదు రోజుల్లో డబ్బు వెనక్కి వేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి కదా. 30 రోజుల్లో పరిష్కరించకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చనీ తెలుసు. ఆ గడువు దాటింది.

నా సందేహాలు: సక్సెస్ అని బ్యాంకు అంటున్నప్పుడు ఏటీఎం సీసీటీవీ ఫుటేజీ, క్యాష్ లెక్క అడిగి తీసుకోవచ్చా? చార్జీ వాపసు కూడా అదే ఫిర్యాదులో అడగాలా, విడిగానా? అమ్మకు చదువు రాదు, ఆన్‌లైన్‌లో ఆమె తరఫున నేను వేయొచ్చా? ఇలాంటిది గెలిచినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.