‘కనికల్ల’ అంటే ఏమిటి? – ఒక సుమతీ పద్యం మీద చర్చ

ప్రశ్న:
బళ్ళో అందరం వల్లెవేసిన పద్యమే.

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కనికల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ

‘కనికల్ల’ అనే మాట నిఘంటువుల్లో దొరకలేదు. కనికట్టుకీ దీనికీ ఏమన్నా చుట్టరికం ఉందా? ఇంకో సందేహం. ‘వేగపడక వివరింపదగున్’ అంటే, విన్నది వెంటనే ఇంకొకరికి చెప్పెయ్యకుండా నిదానంగా చెప్పమనా?

జవాబు:
చుట్టరికం ఏమీ లేదండీ. అది ఒక మాటైతే కదా నిఘంటువులో దొరకడానికి! ‘కని’ దగ్గర ఆగి, ‘కల్ల నిజము’ అని చదవండి. కల్లబొల్లి కబుర్లు అంటామే, ఆ కల్లే. కల్ల ఏదో నిజం ఏదో కని, తెలుసుకున్న మనిషి అని అన్వయం. కలిపి చదవడానికి కారణం కందం, అంటే ఈ పద్యం ఛందస్సు, దాని నడక. మూడో పాదాన్ని గణాలుగా విడగొడితే కనికల్–ల నిజము–దెలిసిన అని వస్తుంది. ‘కల్ల’ నడుం దగ్గర విరిగి, ముందు ముక్క ‘కని’కి అతుక్కుపోతుంది. పిల్లలు రాగం తీస్తూ చదివేటప్పుడు సరిగ్గా అక్కడే విరుస్తారు, ‘కనికల్ల’ పుట్టేస్తుంది.

మొదటి పాదంలో ‘చెప్పిన’, మూడో పాదంలో ‘దెలిసిన’ చూడటానికి ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కానీ మొదటిది ‘చెప్పినన్’, అంటే చెప్పినా. రెండోది విశేషణం, తెలిసిన మనుజుడు. ఈ తేడా పట్టుకోకపోతే మొదటి పాదం తేలిపోతుంది. ‘ఎవరో చెప్పింది వినొచ్చు’ అని కాదు, ‘ఎవరు చెప్పినా సరే, వినాలి’ అని.

ఇక వివరించడం. ఇవాళ ఆ మాటకి ఎదురుగా ఒక మనిషి కావాలి, అతనికి విడమరిచి చెప్పాలి. పద్యంలో ఆ రెండో మనిషి లేడు. సంస్కృతంలో ‘వివృ’ అంటే కప్పి ఉన్నదాన్ని తెరవడం. వివరం, వివరణ, వివృతం అన్నీ అక్కడినుంచి వచ్చినవే. చెవిన పడ్డ మాటని మనకోసం మనమే మూత తీసి చూసుకోవడమన్నమాట. రెండో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జత, అది కూడా చూడండి, ‘వినినంతనె’లోని వికి ‘వివరింప’లోని వి. ఆ రెంటికీ మధ్యలో ‘వేగపడక’. కవి కావాలని కూర్చాడో కందమే కూర్చిపెట్టిందో గానీ, భలే కుదిరింది.

నాకు అన్నిటికంటే పెద్ద మాటగా తోచేది ‘ఎవ్వరు’. న్యాయ దర్శనం, అంటే మన పాత తర్కశాస్త్రం, జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు, అంటే తెలుసుకునే దారులు చెప్పింది: ప్రత్యక్షం (స్వయంగా చూడటం), అనుమానం (సందేహం కాదు, గుర్తునిబట్టి ఊహించడం), ఉపమానం (పోలికనిబట్టి తెలుసుకోవడం), శబ్దం (ఒకరు చెప్పగా తెలుసుకోవడం). ఈ నాలుగోదానికి న్యాయ సూత్రాలు రాసిన గౌతముడి (బుద్ధుడు కాదు) సూత్రం ‘ఆప్తోపదేశః శబ్దః’. అంటే నమ్మదగినవాడు చెప్పినదే ప్రమాణం. దానికి భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకా విశాలంగా వెళ్ళి, ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఆప్తుడి లక్షణం ఒకటేనన్నాడు. ఆ కాలానికి అది చిన్న మాటేం కాదు. అయినా అక్కడ చూపంతా చెప్పేవాడి మీదే. మన పద్యం చెప్పేవాడి కులగోత్రాలు సరే, అతని నిజాయితీని కూడా అడగదు. ఎవడైనా చెప్పనీ, విను. విన్నావు కదా అని అది ప్రమాణమైపోదు. బరువంతా వినేవాడి నెత్తిన పెట్టింది. మన తీరు దీనికి సరిగ్గా ఎదురు. మనవాడు చెబితే వివరించం, కానివాడు చెబితే అసలు వినం.

మధ్యలో ఒకరు:
మాస్టారూ, నాలుగు పాదాల కందానికి న్యాయ దర్శనం దాకా ఎందుకండీ? కళ్ళతో చూస్తేనే నమ్ము అంటున్నాడు, అంతే. ‘కని’ అని ఉంది కదా.

జవాబు:
కళ్ళు చాలవండీ. 1995 సెప్టెంబరు 21 గుర్తుందా? వినాయకుడు పాలు తాగుతున్నాడని తెల్లారేసరికి ఢిల్లీలో మొదలై, పొద్దు గుంకేలోపు దేశమంతా పాకింది. గుళ్ళ ముందు బారులు తీరినవాళ్ళెవరూ అబద్ధమాడలేదు. తొండం దగ్గర చెంచా పెట్టారు, చెంచాలో పాలు తగ్గాయి, కళ్ళారా చూశారు. మర్నాడు ఊళ్ళో ఎవరడిగినా ‘నా కళ్ళతో నేను చూశాను’ అనే చెప్పారు. ప్రభుత్వ శాస్త్రవేత్తలు చేసింది ఒక్కటే, పాలలో రంగు కలిపారు. తలతన్యత, అంటే ద్రవం పైపొరలో ఉండే బిగువు, దానివల్ల పాలు చెంచా అంచునుంచి విగ్రహం మీదకి జారి, పలచటి పొరగా కిందికి దిగిపోవడం ఆ రంగులో బయటపడింది. తెల్లటి పాలు తడిరాతి మీద కంటికి ఆనలేదు, అంతే. వాళ్ళూ చూశారు, వీళ్ళూ చూశారు. ఆ రంగు కలపడం ఉంది చూశారూ, ‘వివరింపదగున్’ అంటే అది. అందుకే పద్యంలో ‘వివరింప’ ముందొచ్చింది, ‘కని’ తర్వాతొచ్చింది.

పైగా తెలుగులో ‘కను’ కంటికే కట్టుబడి లేదు. ‘బస్సు ఎన్నింటికో కనుక్కో’ అంటాం, అక్కడ కంటికి పనేముంది? కనుగొనడం, కనిపెట్టడం కూడా అంతే.

ఇంకొకరు:
‘నిజం’ సంస్కృతమేనా? అక్కడ ఆ అర్థం లేదంటారు.

జవాబు:
మాట అక్కడిదే, ఈ అర్థం అక్కడ ప్రధానం కాదు. సంస్కృతంలో ‘నిజ’ అంటే తనది, స్వంతం. ‘నిజరూపం చూపించాడు’ అన్నప్పుడు మనకీ ఆ పాత వాసన కొంచెం తగులుతుంది. సత్యమనే అర్థం మన దగ్గరా కన్నడంలోనూ స్థిరపడింది. తనది కాస్తా సత్యమై కూర్చుంది! మనుషుల సంగతి తెలిసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు లెండి.

మొదట అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఒక్కటి మిగిలింది. ‘మనుజుడె పో’లో ఆ ‘పో’ ఏమిటి? కసిరినట్టుంది. అన్నట్టు, ఇంత తెలుసుకున్నవాణ్ణి జ్ఞాని అనాలి గానీ నీతిపరుడు అన్నాడేం?

జవాబు:
కసరడం కాదండీ, నొక్కి చెప్పడం. కావ్యాల్లో ‘పో’ ఇలా నిశ్చయార్థంలో కనిపిస్తూనే ఉంటుంది. ‘అతడే సుమా’ అన్నట్టు. రెండోదానికి నా జవాబు ఇది: చెప్పుడు మాట విని ఒకణ్ణి దొంగ అనేశామనుకోండి. మనకి తెలివి తక్కువైందని సరిపెట్టుకుంటే ఎలా? నష్టపోయింది వాడు. అందుకే కవి దాన్ని చదువు లెక్కలో వెయ్యలేదు, నడత లెక్కలో వేశాడు. ఇక్కడ పండితులెవరైనా వేరేగా అన్వయిస్తే వింటాను. ‘పో’ సంగతికొస్తే, పిల్లలకి చెప్పేటప్పుడు దాని బదులు ‘సుమా’ పెట్టి ఒకసారి చదివి వినిపించండి, చిక్కు విడిపోతుంది.